ఒక్కరు ఆగమన్నా ఆగిపోయే కూటమి

ఏటా ఏప్రిల్ 15న ఒడిశాలోని గంజాం తీరంలో మర పడవలు ఒడ్డెక్కుతాయి. జూన్ 14 దాకా, 61 రోజులు, వేట బంద్. చేప గుడ్లు పెట్టే కాలం కనుక ఆ కష్టాన్ని ఆర్జిపల్లి మొదలు సోనాపూర్ దాకా మన తెలుగు మత్స్యకార కుటుంబాలు భరిస్తూనే ఉన్నాయి. ఇదే సముద్రపు ఉత్తర కొసన బంగ్లాదేశ్ ఏళ్ళ తరబడి మే 20 నుంచి జూలై 23 వరకు, 65 రోజుల నిషేధం పాటించింది. జూన్ నడిమికి మన పడవలు కదిలేవి, వాళ్ళవి ఇంకా కట్టేసే ఉండేవి. భారత పడవలు వచ్చి తమ చేపను ఎత్తుకుపోతున్నాయని అక్కడి జాలర్లు మొరపెట్టుకుంటూ వచ్చారు. చివరికి 2025లో బంగ్లాదేశ్ తనంతట తానే తేదీలు మార్చుకుంది: ఏప్రిల్ 15 నుంచి జూన్ 11 వరకు, 58 రోజులు.

ఒకే నీటిలో వేటాడే దేశాలు ఒకే తేదీ పెట్టుకోవడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టింది? బంగాళాఖాతం చుట్టూ ఉన్న దేశాలకు కూటమి లేక కాదు. బిమ్స్‌టెక్ పుట్టింది 1997 జూన్ 6న, బ్యాంకాక్‌లో. భారత్, బంగ్లాదేశ్, శ్రీలంక, థాయ్‌లాండ్ మొదటి నలుగురు. అదే ఏడాది డిసెంబరులో మయన్మార్, 2004లో నేపాల్, భూటాన్ చేరాయి. లోపం ఆ కూటమి పరిపాలనా నిర్మాణంలో ఉంది. తీరవాసులకు ఇది దూరపు దౌత్య వ్యవహారంలా కనిపించవచ్చు గానీ, మన వల మీద, మన రేవు మీద పడే నిర్ణయాలన్నీ ఆ నిర్మాణంలోనే ఇరుక్కుంటున్నాయి.

ఒక ప్రతిపాదన ఎలా నడుస్తుందో చూడండి. మొదట ఆయా రంగాల నిపుణులు, అధికారులు కూర్చునే సంయుక్త కార్యబృందం. అక్కడ ఒప్పుకున్న ముసాయిదా ఆ రంగపు మంత్రుల సమావేశానికో, విదేశాంగ కార్యదర్శుల స్థాయి సీనియర్ అధికారుల సమావేశానికో వెళ్తుంది. ఆపైన విదేశాంగ మంత్రులు, వారి పైన రెండేళ్ళకోసారి కూర్చోవలసిన శిఖరాగ్ర సభ. పరిపాలన, జమాఖర్చుల సంగతి చూడడానికి పక్కన ఒక శాశ్వత కార్యవర్గ సమితి. అన్ని మెట్ల మీదా ఏకాభిప్రాయమే నియమం. ఏడుగురిలో ఒక్కరు తల అడ్డంగా ఊపినా కాగితం కింది మెట్టుకు తిరిగి వస్తుంది. తల ఊపనక్కర్లేదు కూడా, సమావేశానికి తేదీ ఖాయం చేయకుండా ఊరుకున్నా చాలు.

ఫలితం తేదీల్లోనే కనిపిస్తుంది. శిఖరాగ్ర సభలు 2004, 2008, 2014, 2018, 2022, 2025లో జరిగాయి. 28 ఏళ్ళలో ఆరు. ఒక్కసారైనా రెండేళ్ళ గడువు నిలబడలేదు. తర్వాతి సభ జరిగేదాకా అధ్యక్ష పీఠం చేతులు మారదు కనుక, సభ ఆలస్యమైన కొద్దీ కూటమి పగ్గాలు ఒకే రాజధానిలో ఉండిపోతాయి. ఢాకాలో సచివాలయం తెరవడానికి 17 ఏళ్ళు పట్టింది, 2014 సెప్టెంబరులో గానీ తలుపు తీయలేదు. కూటమి మూల నియమావళి అయిన చార్టర్ మీద సంతకాలు 2022 మార్చి 30న పడ్డాయి, ఏడు దేశాల ఆమోదం పూర్తయి అది అమల్లోకి వచ్చేసరికి 2024 మే 20. స్వేచ్ఛా వాణిజ్యానికి చట్రం ఒప్పందం 2004 ఫిబ్రవరిలోనే కుదిరింది. అసలు ఒప్పందం ఇంకా బల్ల మీదే ఉంది.

పని పంపకంలోనూ చిక్కు ఉంది. పూర్వం 14గా ఉన్న రంగాలను ఏడుకు కుదించి, దేశానికొకటి అప్పగించారు. వాణిజ్యం బంగ్లాదేశ్‌కు, పర్యావరణం భూటాన్‌కు, భద్రత మనకు, వ్యవసాయం మయన్మార్‌కు, ప్రజా సంబంధాలు నేపాల్‌కు, శాస్త్ర సాంకేతికాలు శ్రీలంకకు, రవాణా అనుసంధానం థాయ్‌లాండ్‌కు. కాగితం మీద ముచ్చటగానే ఉంది. కానీ గంజాం మత్స్యకారుడి బతుకును ఈ పట్టీలో వెతికితే నాలుగు ముక్కలై కనిపిస్తుంది. చేపల పెంపకం, వేట వ్యవసాయం కింద మయన్మార్ దగ్గర. సముద్ర ఆర్థికం బంగ్లాదేశ్ దగ్గర. తుపాను, విపత్తు నిర్వహణ భద్రత కింద ఢిల్లీ దగ్గర. ఓడలు, రేవులు బ్యాంకాక్ దగ్గర. అందులో చేపల బాధ్యత ఉన్న మయన్మార్ 2021 ఫిబ్రవరి సైనిక కుట్ర నాటి నుంచి అంతర్యుద్ధంలో ఉంది. నాయక దేశమే కాలు మడుచుకుంటే ఆ రంగాన్ని మరొకరికి అప్పగించాలన్నా మళ్ళీ అందరి ఒప్పుదలే కావాలి, ఆ దేశంతో సహా.

ఢాకా సచివాలయం ఈ ముక్కలను కలిపి కుట్టగలదా అంటే, దానికి ఆ అధికారం ఇవ్వలేదు. సెక్రటరీ జనరల్ పదవి మూడేళ్ళు, దేశాల వంతు ప్రకారం. డైరెక్టర్లను సభ్య దేశాలు పంపుతాయి. సమావేశాలు ఏర్పాటు చేయడం, పత్రాలు దాచడం, నివేదికలు పంపడం వరకే పని. సొంత నిధి లేదు. 2022లో భారత్ 10 లక్షల డాలర్లు ఇచ్చి ఆదుకోవలసి వచ్చింది. అభివృద్ధి నిధి మాట ఏళ్ళుగా వినబడుతూనే ఉంది, పైసా జమ పడలేదు.

పొరుగు దేశాలు కలిసి పనిచేయలేవనుకోవడం తప్పు. తుపానుల విషయమే చూడండి. ప్రపంచ వాతావరణ సంస్థ ఛత్రం కింద బంగాళాఖాతం, అరేబియా సముద్ర దేశాల మండలి ఒకటి ఉంది. 13 దేశాలు, వాటిలో భారత్, పాకిస్తాన్ రెండూ. హెచ్చరికల బాధ్యతను ఒక్క కార్యాలయానికి, ఢిల్లీలోని వాతావరణ కేంద్రానికి అప్పగించారు. పేర్లు ముందే పంచుకున్నారు, 2020లో దేశానికి 13 చొప్పున 169. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ థాయ్‌లాండ్ పెట్టిన పేరు. 2018లో గజపతి జిల్లాను ముంచిన తిత్లీ పాకిస్తాన్ ఇచ్చింది. తుపాను పుట్టాక ఎవరూ ఓటింగు పెట్టరు, ఏ రాజధాని అనుమతీ అడగరు. బాధ్యత ఎవరిదో ముందే తేల్చుకున్నారు కనుక పని జరుగుతోంది. 1999 మహా తుపానులో ఒడిశాలో దాదాపు 10,000 మంది పోయారు. ఫైలిన్ నాటికి లక్షల మందిని ముందే తరలించగలిగారంటే, రాష్ట్ర యంత్రాంగం శ్రమతో పాటు సకాలంలో అందిన ఆ హెచ్చరికలూ కారణమే.

ఇంకో పాఠం ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌ది. అక్కడా ఏకాభిప్రాయమే మూల సూత్రం. అయితే 2008లో అమల్లోకి వచ్చిన వారి చార్టర్ రెండు కిటికీలు తెరిచి ఉంచింది. ఏకాభిప్రాయం కుదరకపోతే ఆ నిర్ణయం ఎలా తీసుకోవాలో శిఖరాగ్ర సభ తేల్చవచ్చు. ఆర్థిక ఒప్పందాల అమలులో సిద్ధంగా ఉన్న దేశాలు ముందు కదిలితే మిగతావి తర్వాత చేరవచ్చు. పైగా సభ్య దేశాల శాశ్వత ప్రతినిధులు జకార్తాలోనే కాపురం ఉంటారు. సభల నడుమ రోజువారీ పని వాళ్ళ చేతుల మీదుగా నడుస్తుంది. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ చార్టర్‌లోనూ, కొన్ని దేశాలే కలిసి చేపట్టే పనులకు కార్యాచరణ సంఘాలు వేసుకోవచ్చన్న ఏడో అధికరణం ఉంది. దాన్ని సరిగా వాడుకోలేదు. 2014 కఠ్మాండూ సభలో మోటారు వాహనాల ఒప్పందం పాకిస్తాన్ అడ్డుతో ఆగింది. ఆ తర్వాత సార్క్ శిఖరాగ్ర సభే జరగలేదు.

బిమ్స్‌టెక్ అధ్యక్ష పీఠం 2025 ఏప్రిల్‌లో థాయ్‌లాండ్ నుంచి బంగ్లాదేశ్‌కు వచ్చింది. అదే సభలో సమావేశాల నిర్వహణ నియమాలు ఆమోదించారు, సముద్ర రవాణా ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఇది మంచి మలుపు. ఏడో సభకు ముందు చేయవలసిన పనులు మా దృష్టిలో ఇవి. ఏడు దేశాలలో ఆతిథ్య దేశం పోగా ఆరింటికీ ఢాకాలో రాయబార కార్యాలయాలు ఉన్నాయి. ఆ రాయబారులకే బిమ్స్‌టెక్ ప్రతినిధి హోదా ఇచ్చి నెలకోసారి కూర్చోబెడితే అదనపు ఖర్చు దాదాపు ఉండదు. సభ తేదీ, ఎజెండా, నాయక దేశం మార్పు వంటి నిర్వహణ విషయాల్లో ఏడుగురిలో ఐదుగురు ఒప్పుకుంటే చాలనాలి. ఇద్దరు ముగ్గురు కలిసి మొదలుపెట్టే పనులకు తక్కినవారు అడ్డుపడకూడదు, ఎప్పుడైనా వచ్చి చేరే దారి ఉండాలి. చేపలు, తీరం, తుపాను, రేవు ఒకే విభాగం కిందికి రావాలి.

చిన్న దేశాలకు దీనిమీద భయం ఉంటుంది, అది న్యాయమైన భయమే. మిగిలిన ఆరు దేశాల జనాభా అంతా కలిపినా భారత్‌లో మూడో వంతు కూడా లేదు. ఐరోపా సమాఖ్యలో మాదిరి జనాభా లెక్క కలిపితే భూటాన్ మాట ఎవరికీ వినబడదు. ఒడియా జిల్లాల్లో తెలుగు బడి నిలుపుకోవడానికి పాటుపడే మన పాఠకులకు సంఖ్య తక్కువైన వారి గుబులు విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకే దేశానికి ఒక్క ఓటే ఉండాలి. ఒప్పందాలు, డబ్బు, కొత్త సభ్యత్వం ఏకాభిప్రాయం కిందే ఉండాలి. ఐదుగురి మాట తనకు వ్యతిరేకంగా వచ్చిన రోజున కూడా దానికి కట్టుబడతానని అందరికన్నా ముందు చెప్పవలసింది భారత్. పెద్ద దేశం ఆ మాట ఇవ్వకుండా భూటాన్‌నో నేపాల్‌నో వీటో వదులుకోమనడం కుదరదు.

ఇంటి సంగతి కూడా ఒకటుంది. ఒడిశా తూర్పు మండల మండలిలో, ఆంధ్రప్రదేశ్ దక్షిణ మండలిలో ఉన్నాయి. ఇచ్ఛాపురం పడవకూ గంజాం పడవకూ మధ్య తగవు వస్తే రెండు రాష్ట్రాలూ కలిసి కూర్చునే మండలి బల్ల లేదు. కేంద్రం మత్స్య వ్యవహారాలకైనా ఈ రెంటినీ ఒకచోట కూర్చోబెట్టాలి.

మన నిషేధం జూన్ 14న, బంగ్లాదేశ్‌ది 11న ముగుస్తున్నాయి. ఇంకా మూడు రోజుల తేడా. అది చిన్నదే, ఒక్క సమావేశంలో తెమిలేదే. ఢాకాలో ఆ సమావేశం పిలిచే అధికారం సెక్రటరీ జనరల్‌కు వచ్చే ఏప్రిల్ 15 లోపు దక్కాలని కోరుతున్నాం.