ఉద్యోగం ఇస్తున్నారా, మీ చుట్టాల లిస్టు తీసుకుంటున్నారా?

పాలమూరులో డిగ్రీ చివరి సెమిస్టర్ ఫలితాలు వచ్చిన వారంలోనే పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ప్రకటనలు తిరగడం మొదలవుతుంది. "ప్రముఖ ఫైనాన్షియల్ సర్వీసెస్ సంస్థలో రిలేషన్‌షిప్ మేనేజర్ ఉద్యోగాలు, ఏ డిగ్రీ అయినా సరే, అనుభవం అక్కర్లేదు, నెలకు 20 వేల నుంచి 60 వేల వరకు, సొంత ఊళ్లోనే పని" అని ఉంటుంది. సంస్థ పేరు ఉండదు గానీ ఫోన్ నంబరు మాత్రం రెండు చోట్ల ఉంటుంది. కామర్స్ పాఠాలు చెప్పే మనిషిని కాబట్టి ఈ ప్రకటనల వెంట వెళ్లిన విద్యార్థులు తెచ్చిచూపే కాగితాలను ప్రతి సంవత్సరం చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ కోపం వస్తోంది. ఈ ఆఫర్లలో ఎక్కువ వాటికి మన పిల్లల చదువుతో పని లేదు, వాళ్ల బంధుత్వాలతోనే పని. ఆ సంగతి ముందే గుర్తుపట్టడం ఎలాగో వివరంగా రాయాలనిపించి ఈ పోస్టు రాస్తున్నాను.

మొదట ఒక మాట న్యాయంగా చెప్పుకోవాలి. కమిషన్ మీద బతకడం తప్పు కాదు. మన ప్రతి మండలంలోనూ పాతికేళ్లుగా బీమా ఏజెంట్లుగా పనిచేస్తూ, పాలసీదారు చనిపోతే తామే మరణ ధ్రువీకరణ పత్రం తీయించి, నామినీని వెంటబెట్టుకొని బ్రాంచికి తీసుకెళ్లి, క్లెయిమ్ డబ్బు ఖాతాలో పడేదాకా తిరిగే మనుషులు ఉన్నారు. వాళ్లకు ఊళ్లో ఉన్న మర్యాద ఊరికే రాలేదు. అయితే వాళ్లెవరూ తాము నెల జీతం ఉద్యోగులమని చెప్పుకోలేదు, వాళ్లను చేర్చుకున్నవారూ అలా చెప్పలేదు. నా అభ్యంతరమంతా ఏజెన్సీని ఉద్యోగమని, కమిషన్‌ను జీతమని చెప్పి 21 ఏళ్ల పిల్లను కూర్చోబెట్టడం మీదే.

నిరుడు మా విద్యార్థిని ఒకరు ఆఫర్ లెటర్ తెచ్చి చూపించింది. నాగర్‌కర్నూల్ వైపు పల్లెటూరు, తండ్రి రైతు. మందపాటి కాగితం, పైన రంగుల ముద్ర, "మిమ్మల్ని ఫైనాన్షియల్ కన్సల్టెంట్‌గా ఎంపిక చేసినందుకు సంతోషిస్తున్నాము" అనే మొదటి వాక్యం. ఇంట్లో వాళ్లు ఆ మొదటి పేజీ చూసి స్వీట్లు పంచారు. మూడో పేజీలో, చిన్న అక్షరాల్లో, ఈ పత్రం వల్ల సంస్థకు, అభ్యర్థికి మధ్య యజమాని, ఉద్యోగి సంబంధం ఏర్పడదని, చెల్లింపులన్నీ సాధించిన వ్యాపారానికి లోబడి ఉంటాయని రాసి ఉంది. ఇంగ్లీషులో ఉన్న ఆ రెండు వాక్యాలను ఆ ఇంట్లో ఎవరూ చదవలేదు, చదివి వినిపించాల్సిన బాధ్యత తమకు ఉందని ఆఫర్ ఇచ్చినవారు అనుకోలేదు.

ఆ కాగితంలో ఉన్నదాని కంటే లేనిదాన్ని చూడమని నేను పిల్లలకు చెబుతాను. నిజమైన ఉద్యోగ నియామక పత్రంలో బేసిక్ ఎంతో, అలవెన్సులు ఎంతో, సెలవులు ఎన్నో, నోటీసు కాలం ఎంతో అంకెల్లో ఉంటాయి. 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు సాధారణంగా పీఎఫ్ (భవిష్య నిధి) చట్టం వర్తిస్తుంది, నెలకు 21 వేల రూపాయల లోపు జీతగాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తిస్తుంది. రాష్ట్రమంతా బ్రాంచీలు ఉన్నాయని చెప్పుకొనే సంస్థ మీ పేరిట పీఎఫ్ కట్టదంటే, మిమ్మల్ని తన ఉద్యోగిగా లెక్కలోకి తీసుకోలేదన్నమాట. "ఆన్ రోలా, ఆఫ్ రోలా, లేక కోడ్ మీదనా" అని నేరుగా అడగండి. ఆన్ రోల్ అంటే సంస్థ సొంత ఉద్యోగి, ఆఫ్ రోల్ అంటే మధ్యవర్తి సంస్థ ద్వారా పనిచేసేవారు, కోడ్ మీద అంటే ఏజెంటు నంబరుతో పనిచేసే ఏజెంటు. "మొదటి మూడు నెలలు కోడ్ మీద చేయండి, తరువాత ఆన్ రోల్ చేస్తాం" అంటే ఆ మాటను తేదీతో, షరతులతో, సంతకంతో కాగితం మీద పెట్టమనండి. పెట్టనంటే ఆ మాటకు విలువ లేదు.

ఇక ఇంటర్వ్యూ సంగతి. ఇక్కడే అసలు విషయం బయటపడుతుంది. డిగ్రీలో ఏం చదివావని రెండు ప్రశ్నలు అడిగి, ఒక నోటు పుస్తకం చేతికి ఇచ్చి, నీకు తెలిసిన 100 మంది పేర్లు రాయమంటారు. పేరు, వరుస, ఫోన్ నంబరు, ఏం పని చేస్తారు, పిల్లల వయసెంత, భూమి ఎంత అని గడులు గీసి ఉంటాయి. మేనమామ, చిన్నమ్మ, బావ, బడిలో చదువు చెప్పిన సార్, పాలకేంద్రం అన్న, ఇట్లా పిల్లలు రాసుకుంటూ పోతారు. దీన్ని శిక్షణలో భాగమని చెబుతారు. నా దృష్టిలో ఆ ఇంటర్వ్యూ మొత్తంలో సంస్థకు అవసరమైనది ఆ పుస్తకం ఒక్కటే. ఉద్యోగం ఇచ్చేవాడు నీకేం వచ్చునని అడగాలి, నీకెవరున్నారని అడుగుతున్నాడంటే నువ్వు లేచి రావచ్చు.

ఎందుకిలా అడుగుతారో తెలిస్తే తక్కినదంతా అర్థమవుతుంది. మిమ్మల్ని చేర్చుకునే మేనేజరుకు జీతం ఉంటుంది గానీ ఆ జీతం నిలబడాలంటే నెలకు ఇన్ని కొత్త కోడ్‌లు తీయాలి, ఆ కోడ్‌ల మీద ఇంత కొత్త ప్రీమియం రావాలి అని ఆయన నెత్తిన టార్గెట్ ఉంటుంది. జీవిత బీమాలో కమిషన్‌లో పెద్ద వాటా మొదటి ఏడాది ప్రీమియం మీదే వస్తుంది, తరువాతి ఏళ్లలో అది బాగా తగ్గిపోతుంది. అందువల్ల పాత పాలసీని పదేళ్లు నిలబెట్టే ఏజెంటు కంటే, కొత్తగా చేరి తన ఇంట్లో నాలుగు పాలసీలు రాయించి వెళ్లిపోయే పిల్లవాడే ఆ మేనేజరుకు ఆ నెల గట్టెక్కిస్తాడు. మొదటి పాలసీ నీ పేరునే చెయ్యి, నువ్వే కొనకపోతే జనానికి ఏం చెబుతావ్ అంటారు. రెండోది నాన్న పేరున, మూడోది అక్క పేరున. లిస్టులో దగ్గరి పేర్లు అయిపోయేసరికి రెండు మూడు నెలలు గడుస్తాయి. ఆ తరువాత మేనేజరు ఫోన్ ఎత్తడు, ఎందుకంటే కొత్త బ్యాచ్ వచ్చి ఉంటుంది.

నష్టం అక్కడితో ఆగదు. వడ్ల పైసలు ఖాతాలో పడ్డ వారంలో 30 వేల ప్రీమియం కట్టిన మేనమామకు మరుసటి ఏడాది పంట దెబ్బతింటే రెండో కిస్తు కట్టే దారి ఉండదు. పాలసీ ల్యాప్స్ అవుతుంది, అంటే ఆగిపోతుంది, కట్టినదాంట్లో కొంత పోతుంది. ఆయన సంస్థను తిట్టడు, ఆ సంస్థ ఎక్కడుందో ఆయనకు తెలియదు. పెళ్లిళ్లలో, దశదిన కర్మల్లో ఎదురుపడే మేనల్లుడిని తిడతాడు. పిల్లవాడికి వచ్చిన కమిషన్ బండి పెట్రోలుకూ, ఫోన్ రీచార్జికీ అయిపోయి ఉంటుంది. 21 ఏళ్ల వయసులో ఊరి ముందు మాట పోగొట్టుకోవడం ఎంత భారమో ఆ మేనేజరుకు తెలుసు, తెలిసే పంపిస్తాడు.

మన జిల్లాల్లో ఈ అమ్మకం సులువు కావడానికి ఒక కారణం ఉంది. 2018 నుంచి రైతుబీమా కింద రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు ఎల్‌ఐసీ ద్వారా అందడం పల్లెల్లో అందరూ చూశారు. ఆ ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. బీమా అంటే ఆపదలో నిజంగా వచ్చే డబ్బు అనే నమ్మకం దానివల్ల పాతుకుపోయింది, అది మంచిదే. ఆ నమ్మకాన్ని పట్టుకొని ఖరీదైన పొదుపు పాలసీలను "ఇదీ అలాంటిదే" అని అమ్ముతున్నారు. బ్యాంకు ఖాతా ఉన్నవారికి ఏడాదికి 436 రూపాయలతో 2 లక్షల జీవిత బీమా, 20 రూపాయలతో ప్రమాద బీమా ఇచ్చే కేంద్ర పథకాలు ఉన్నాయని శిక్షణలో ఎవరూ చెప్పరు, వాటి మీద వాళ్లకు మిగిలేది పెద్దగా ఉండదు కాబట్టి.

టార్గెట్ ఒత్తిడిలో మరొకటి చేయిస్తారు. మొదటి ప్రీమియంలో కొంత నీ కమిషన్ నుంచి తిరిగి ఇచ్చెయ్యి, పాలసీ వస్తుంది అంటారు. బీమా చట్టంలోని 41వ సెక్షన్ దీన్ని నిషేధించింది, జరిమానా 10 లక్షల రూపాయల వరకు ఉంటుంది. దొరికితే సమాధానం చెప్పాల్సింది ఏజెంటు. అలాగే కింద మనుషులను చేర్పించు, వాళ్లు చేసిన పాలసీల మీద నీకూ వాటా వస్తుందంటూ బీమాను గొలుసుకట్టుగా నడపడాన్ని 2015 సవరణతో వచ్చిన 42ఏ సెక్షన్ నిషేధించింది. ఇవి పాఠ్య పుస్తకాల్లోనూ ఉన్నాయి, ఏజెంటు పరీక్షకు చదివే పుస్తకంలోనూ ఉన్నాయి. అయినా శిక్షణ గదిలో దానికి విరుద్ధంగా చెబుతున్నారంటే, ఆ సంస్థ ఎలాంటిదో వేరే సాక్ష్యం అక్కర్లేదు.

షరతులు దాచకుండా చెప్పడం సాధ్యమేనని చూపడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 2024 డిసెంబరులో ఎల్‌ఐసీ మొదలుపెట్టిన బీమా సఖి పథకంలో మహిళా ఏజెంట్లకు మొదటి ఏడాది నెలకు 7 వేలు, రెండో ఏడాది 6 వేలు, మూడో ఏడాది 5 వేల స్టైపెండ్ ఇస్తారు. మొదటి ఏడాది 24 పాలసీలు చేయాలని, తరువాతి ఏళ్లలో స్టైపెండ్ రావాలంటే అంతకుముందు ఏడాది చేసిన పాలసీల్లో 65 శాతం నిలిచి ఉండాలని షరతులు ముందే ప్రకటించారు, ఇది జీతం ఉద్యోగం కాదని కూడా చెప్పారు. నెలకు రెండు పాలసీలు మన పల్లెల్లో తేలికేమీ కాదు, అందరినీ చేరమని నేను చెప్పను. కానీ చేరే మనిషికి తాను దేనిలో చేరుతున్నదో తెలుస్తుంది. తక్కినవాళ్లు కనీసం అంత చెప్పాలి.

ఇప్పటిదాకా చెప్పినవి అనుమతులున్న సంస్థలు చేసే మోసపు మాటలు. అసలు అనుమతే లేని వ్యవహారాలు ఇంతకంటే ప్రమాదకరం. రోజువారీ వడ్డీ ఇస్తాం, ట్రేడింగ్ యాప్‌లో పెట్టుబడి పెట్టించు, ఫ్లాట్లకు అడ్వాన్సులు వసూలు చెయ్యి, ప్రతి లక్షకు ఇంత కమిషన్ అంటూ "బిజినెస్ అసోసియేట్" పేరు పెట్టి పిల్లలను తిప్పుతారు. అగ్రిగోల్డ్ అనే డిపాజిట్ల సంస్థ 30 లక్షలకు పైగా ఖాతాల పేరిట 6 వేల కోట్లకు పైగా వసూలు చేసి కుప్పకూలినప్పుడు గ్రామాల్లో జనం నిలదీసింది డైరెక్టర్లను కాదు. ఇంటింటికీ తిరిగి రసీదులు ఇచ్చిన ఏజెంట్లనే నిలదీశారు, వాళ్లలో చాలామంది తమ సొంత డబ్బూ అందులోనే పెట్టినవాళ్లు. ఇప్పుడు చట్టం ఇంకా కఠినంగా ఉంది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ 2019లో వచ్చిన చట్టం ప్రకారం, అలాంటి పథకంలో డబ్బు పెట్టమని జనాన్ని కోరినందుకే 5 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. నేను ఉద్యోగిని, కమిషన్ మాత్రమే తీసుకున్నాను అనే మాట కేసులో ఎంతవరకు నిలుస్తుందో ఆలోచించుకోవాలి. దేవరకొండ, అచ్చంపేట, మక్తల్ వైపు నుంచి వచ్చే పిల్లలకు ఈ ఒక్క పేరా అయినా చేరాలని నా కోరిక.

చేరే ముందు చూసుకోవడం కష్టం కాదు. బీమా సంస్థ అయితే బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ వెబ్‌సైట్‌లో దాని పేరు ఉంటుంది, ఆ నియంత్రణ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది, 155255కు ఫోన్ చేయవచ్చు. మ్యూచువల్ ఫండ్లు అమ్మాలంటే ఎన్‌ఐఎస్‌ఎం అనే శిక్షణ సంస్థ పెట్టే పరీక్ష రాసి, మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘమైన యాంఫీ వద్ద నమోదు కావాలి. పెట్టుబడి సలహాదారునని రుసుము తీసుకోవాలంటే షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. డిపాజిట్లు తీసుకునే అర్హత సంస్థకు ఉందో లేదో ఆర్‌బీఐ నడిపే సచేత్ పోర్టల్‌లో చూడవచ్చు, అక్కడే ఫిర్యాదు కూడా చేయవచ్చు. ఏ పరీక్షా అక్కర్లేదు, రేపటి నుంచే వసూళ్లు మొదలుపెట్టు అన్నారంటే అది ఆర్థిక సేవల ఉద్యోగం కానే కాదు. సెక్యూరిటీ డిపాజిట్ అడిగినా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామన్నా, ఖాళీ చెక్కు అడిగినా ఇవ్వవద్దు. అమ్మానాన్నలు "పోనీలే బిడ్డా, ఏదో ఒక ఉద్యోగం" అని తొందరపడకూడదు.

ఇప్పటికే చేరి ఇంట్లో పాలసీలు రాయించినవారు ఆ పత్రం అందిన తేదీని చూసుకోండి. అందిన 30 రోజుల లోపు ఫ్రీ లుక్ కింద పాలసీని వెనక్కి ఇచ్చే హక్కు ఉంది, కొద్దిపాటి కోతలు పోను ప్రీమియం తిరిగి వస్తుంది. మేనేజరు బతిమాలినా, నీ కోడ్ పోతుందని బెదిరించినా రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మానేసేటప్పుడు రాజీనామా కూడా ఈమెయిల్‌లో పంపి, ఏజెన్సీ రద్దయినట్టు సర్టిఫికెట్ తీసుకోండి. అది లేకపోతే రేపు వేరే జీవిత బీమా సంస్థలో చేరాలన్నా ఇబ్బంది అవుతుంది.

చివరగా మా వంటి అధ్యాపకులతో ఒక మాట. నల్లగొండలో గానీ, పాలమూరులో గానీ, కాలేజీల ప్లేస్‌మెంట్ లెక్కల్లో ఇలాంటి ఏజెన్సీ ఆఫర్లను ఉద్యోగాలుగా చూపించి ఫ్లెక్సీలు కట్టడం మానేయాలి. సెమినార్ హాలు ఇచ్చే ముందు ప్రతి సంస్థను నాలుగు విషయాలు రాసి సంతకం చేయమని అడగాలి: ఇది ఉద్యోగమా ఏజెన్సీనా, స్థిర జీతం ఎంత, పీఎఫ్ కడతారా లేదా, నిరుడు మా కాలేజీ నుంచి చేరినవారిలో ఇప్పుడు ఎంతమంది మీ దగ్గర పనిచేస్తున్నారు. ఈ ఏడాది డ్రైవ్‌లకు ఈ ఫారం పెట్టాలని మా విభాగం తరఫున ప్రిన్సిపాల్ గారికి లేఖ ఇచ్చాను. మీ కాలేజీలో కూడా పెట్టదలచుకుంటే కామెంట్లో చెప్పండి, నమూనా పంపిస్తాను.