తాజా పండు చేసే పని టిన్ పైనాపిల్ చేయదు

తాజా పైనాపిల్, టిన్ పైనాపిల్ ఏ వంటకైనా ఒకటేనని ఒక వ్యాసంలో రాశారు. రుచి వరకూ సర్దుకుపోవచ్చేమో కానీ, పని దగ్గరికొచ్చేసరికి చాలా తేడా ఉంది. తాజా పండులో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది ప్రోటీన్లను విడగొడుతుంది. టిన్‌లో నింపేటప్పుడు వేడి చేస్తారు కాబట్టి ఆ ముక్కల్లో దాని పని అయిపోయినట్టే. అందుకే మాంసం మెత్తబడాలని టిన్ రసంలో నానబెడితే తీపి తప్ప ఒరిగేదేమీ ఉండదు. జెలటిన్‌తో జెల్లీ చేయాలంటే మాత్రం టిన్‌దే వాడాలి. జెలటిన్ కూడా ప్రోటీనే కాబట్టి, తాజా ముక్కలు వేస్తే రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచినా గట్టిపడదు. (సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్‌తో అయితే ఈ టెన్షన్ లేదు, అందులో గట్టిపడేది ప్రోటీన్ కాదు.)

ఇక వేయించడం. సిరప్ కారుతున్న చక్రాలను అలాగే పెనం మీద వేస్తే ఉడుకుతాయి తప్ప వేగవు. జల్లెడలో వడకట్టి, పేపర్ టవల్‌తో రెండు వైపులా గట్టిగా అద్ది అప్పుడు వేయండి. అంచులు ముదురు గోధుమ రంగుకు తిరిగి, చక్కెర కాస్త మాడిన వాసన వస్తుంది చూడండి, అప్పుడు తిప్పాలి. సిరప్ పారబోయకండి, వెనిగర్, ఎండుమిర్చి వేసి మరిగిస్తే మంచి సాస్ అవుతుంది. మిగిలిన ముక్కల్ని టిన్‌లోనే ఉంచకుండా గాజు డబ్బాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి.