200 మెగాపిక్సెళ్ల ఫోనూ, డీఎస్‌ఎల్‌ఆరూ: ఆ సందేశంలోని తప్పులు

కడప, ప్రొద్దుటూరు వైపు వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. 200 మెగాపిక్సెళ్ల ఫోన్లు వచ్చాక 24 మెగాపిక్సెళ్ల డీఎస్‌ఎల్‌ఆర్ (లోపల అద్దం ఉండి, లెన్సులు మార్చుకోగల కెమెరా) కొనడం దండగనీ, కొనక తప్పకపోతే డబ్బంతా బాడీ (లెన్సు కాని కెమెరా భాగం) మీదే పెట్టాలనీ, లెన్సు దాంతో వచ్చేది చాలనీ, ఐఎస్‌ఓ (కెమెరా వెలుతురును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 400 దాటితే ఫొటో పాడవుతుందనీ, కంపెనీలు డీఎస్‌ఎల్‌ఆర్‌లను వదిలేశాయి కాబట్టి సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నా డబ్బు బూడిదలో పోసినట్టేననీ దాని సారాంశం. కొందరు కుర్రవాళ్లు దీన్ని చూపించి సలహా అడిగినందువల్ల ఈ జవాబు రాస్తున్నాను.

మెగాపిక్సెళ్ల లెక్క త్వరగా తేలిపోతుంది. 200 మెగాపిక్సెళ్ల ఫోన్లు మామూలుగా పదహారు పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12.5 మెగాపిక్సెళ్ల ఫొటోనే ఇస్తాయి. పెళ్లి ఆల్బమ్‌లో 12×18 అంగుళాల పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల లెక్కన) వేయాలంటే 5400×3600 పిక్సెళ్లు, అంటే 19 మెగాపిక్సెళ్లకు పైగా కావాలి. 24 మెగాపిక్సెళ్ల కెమెరా 6000×4000 ఇస్తుంది. పగటి వెలుతురులో తీసి ఫోన్ తెర మీదే చూసుకునేవారికి మాత్రం ఫోను చాలు, అందులో వాదన లేదు.

ఐఎస్‌ఓ 400 మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. ఫిల్ము రోజుల్లో అంతకు మించిన రీలు వేస్తే బొమ్మలో గరుకు బాగా కనిపించేది. ఆ భయాన్నే, ఫిల్ముకు బదులు వెలుతురును పట్టే ఇప్పటి సెన్సార్లకూ అంటగట్టారు. గండికోటలో తెల్లవారుజామున ట్రైపాడ్ వేసి పెన్నా లోయను తీసేటప్పుడు ఐఎస్‌ఓ 100 పెట్టమని నేనూ చెబుతాను, ఎందుకంటే షట్టరు రెండు సెకన్లు తెరిచి ఉన్నా ఆ బండలు కదలవు. పెళ్లి మండపం అలా కాదు. ఒంటిమిట్ట రాముడి కల్యాణమే రాత్రిపూట జరుగుతుంది, ఇక మన ఇళ్ల ముహూర్తాల సంగతి చెప్పాలా? తలంబ్రాల వేళ కిట్ లెన్సును (కెమెరాతో పాటు వచ్చేదాన్ని) 55 మిల్లీమీటర్లకు జూమ్ చేస్తే అది ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు (ఈ ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుంటుంది). ఐఎస్‌ఓ 400 దగ్గరే ఉంటానని పట్టుబడితే, మసక దీపాల కింద షట్టర్ స్పీడు సెకనులో 15వ వంతుకు పడిపోవచ్చు. అప్పుడు ముఖాలు ఎంతో కొంత నిలిచినా, పెళ్లికూతురి దోసిలి చెదిరిపోయి, జారే బియ్యం పసుపు గీతలుగా వస్తుంది. ఐఎస్‌ఓ 3200 చేస్తే అదే వెలుతురులో 125వ వంతు దొరుకుతుంది. కాస్త నాయిస్ (చుక్కల గరుకు) వస్తుంది, నిజమే. రా ఫైలుగా (కెమెరా సవరించకుండా ఉంచే ఫైలుగా) తీస్తే దాన్ని తర్వాత చాలావరకు తగ్గించుకోవచ్చు గానీ, చెదిరిన చేతిని మళ్లీ నిలబెట్టడం కుదిరే పని కాదు.

ఐఎస్‌ఓకు అంతగా భయపడే సందేశమే కిట్ లెన్సు చాలనడం విచిత్రం. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు ఎఫ్/5.6 కన్నా దాదాపు పదింతల వెలుతురును లోపలికి వదులుతుంది. అంటే 3200 కావలసిన చోట 320 సరిపోతుంది. కాబట్టి మామూలు బాడీ తీసుకుని మిగిలిన డబ్బును ఈ లెన్సు మీద పెట్టడమే నా లెక్కలో తెలివైన బేరం. అయితే ఎఫ్/1.8లో ఫోకస్ చాలా పలుచగా ఉంటుంది. వధూవరులిద్దరూ ఒకే ఫొటోలో స్పష్టంగా రావాలంటే ఎఫ్/2.8కో, ఎఫ్/4కో వెళ్లక తప్పదు. ఇంకో జాగ్రత్త: నికాన్ 3000, 5000 శ్రేణి బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు గనుక చవకగా దొరికిందని పాత ఏఎఫ్-డీ లెన్సు కొంటే ప్రతిసారీ చేత్తో తిప్పుకోవాలి. వాటికి మోటారు లెన్సులోనే ఉండే ఏఎఫ్-ఎస్ రకమే అడగాలి.

చివరి ఆరోపణలో సగం నిజముంది. 2020 తర్వాత కెనాన్, నికాన్ కొత్త డీఎస్‌ఎల్‌ఆర్‌ను తేలేదు. రెండూ మిర్రర్‌లెస్ (అద్దం లేని) కెమెరాల వైపు మళ్లాయి. అంతమాత్రాన ఉన్న కెమెరా ఫొటో తీయడం మానుకోదు. కెనాన్ ఈఎఫ్ లెన్సులు, నికాన్ ఏఎఫ్-ఎస్ లెన్సులు ఆయా కంపెనీల అడాప్టరుతో కొత్త మిర్రర్‌లెస్ బాడీలకూ ఆటోఫోకస్‌తో సహా పనికొస్తాయి. డీఎస్‌ఎల్‌ఆర్‌లను అందరూ వదిలించుకుంటున్న ఈ రోజుల్లో, నేర్చుకునేవాడికి సెకండ్‌హ్యాండ్ బేరమే లాభం. కొనేముందు షట్టర్ కౌంట్ (షట్టరు ఇప్పటిదాకా ఎన్నిసార్లు పనిచేసిందన్న లెక్క) అడగండి. నికాన్ డీ3500 షట్టరును కంపెనీ 1,00,000 సార్లకు పరీక్షించింది. తర్వాత ఎఫ్/16 పెట్టి ఖాళీ ఆకాశాన్ని ఒక్కటి తీసి పెద్దది చేసి చూడండి. సెన్సారు మీద దుమ్ముంటే నల్లటి మచ్చలుగా బయటపడుతుంది, శుభ్రం చేయించే ఖర్చును ధరలో తగ్గించమని అక్కడే అడగవచ్చు.