ఫిష్ అండ్ చిప్స్ ఎవరి తిండి? ఆక్లండ్‌లో అక్కాతమ్ముళ్ల వాదన

తమ్ముడు: శుక్రవారం రాత్రయితే చాలు, న్యూజిలాండ్‌లోని ఈ ఆక్లండ్‌లో ఫిష్ అండ్ చిప్స్ షాపుల ముందు, అదే వేయించిన చేప, బంగాళాదుంప ముక్కలు అమ్మేచోట, క్యూలే. అడిగితే ఇది మా సంప్రదాయం అంటారు. ఇంగ్లండ్‌లో 1860ల్లో షాపులు వెలిసిన తిండి ఇది, వలస వచ్చినవాళ్లు వెంట తెచ్చుకున్నారు, అంతే కదక్కా! ఏలినవాళ్ల తిండిని మాది అనుకోవడం నాకు మింగుడుపడదు.

అక్క: ఇంగ్లండ్‌దేనని అంత గట్టిగా ఎలా అంటావురా? చేపను పిండిలో ముంచి వేయించడం లండన్‌కు నేర్పింది స్పెయిన్, పోర్చుగల్ మూలాలున్న యూదులంటారు. బంగాళాదుంప దక్షిణ అమెరికాది. ఇక ఇక్కడ చాలా షాపులు చైనా కుటుంబాలవి, స్ప్రింగ్ రోల్స్ పక్కనే కుమరా చిప్స్ కూడా అమ్ముతారు, ఆ చిలగడదుంపను ఈ దేశపు మూలవాసులు మావోరీలు తెల్లవాళ్ల కంటే వందల ఏళ్ల ముందు నుంచే ఇక్కడ పండిస్తున్నారు. ఇక్కడిది కావడానికి ఇంకేం కావాలి?

తమ్ముడు: దుంప సరే, చేప ఎవరిది? బ్రిటిష్‌వాళ్లతో మావోరీలు చేసుకున్న 1840 వైతాంగి ఒప్పందంలో చేపల వేట మావోరీల హక్కని రాసుకున్నారు. తీరా 1983లో పార్ట్‌టైమ్ జాలర్లను పక్కకు నెట్టారు, వాళ్లలో చాలామంది మావోరీలే. 1986లో ఎవరు ఎంత చేప పట్టొచ్చో కోటాలు పెట్టి, అప్పటిదాకా ఎంత పట్టారన్న లెక్కన పంచేశారు. లెక్కలోనే లేనివాళ్లకు ఏం దక్కుతుంది?

అక్క: వాళ్లు ఊరుకోలేదుగా! కోర్టుకెళ్లారు. 1992లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి సీలార్డ్ అనే చేపల కంపెనీలో సగం వాటా వచ్చింది, కొత్తగా కోటాలోకి తెచ్చే చేపల్లో 20 శాతం కూడా. షాపుల్లో అంత మామూలుగా దొరికే హోకీ అనే చేపను పట్టే పెద్ద కంపెనీల్లో సీలార్డ్ ఒకటి.

తమ్ముడు: సగమే కదా! అదీ వ్యాపార వేట హక్కుల మీద ఇక దావా వేయకూడదన్న షరతుతో. మిగతా సగం 2001 నుంచి జపాన్ కంపెనీ చేతిలో ఉంది. దీన్ని న్యాయం అంటావా?

అక్క: అనను. కానీ బీచ్‌లో పొట్లం విప్పి పిల్లలకు పంచుతున్న మావోరీ తల్లితో ఇది నీ తిండి కాదు అని చెప్పే హక్కు నీకూ నాకూ లేదు.

తమ్ముడు: ఆమెను ఎందుకంటాను? షాపువాళ్లనే అడుగుతున్నా. లెమన్ ఫిష్ అని బోర్డు పెట్టి చిన్న సొరచేప అమ్ముతారు. ఏ చేపో, ఎవరి కోటాలోదో, ఏ నూనెలో వేయించారో రాయమను.

అక్క: నూనె సంగతి నేనూ అడుగుతాను, కొన్నిచోట్ల ఆవు కొవ్వులో వేయిస్తారు కాబట్టి అమ్మావాళ్లు వచ్చినప్పుడు అడగక తప్పదు. షాపువాళ్లు చెప్తారు కూడా. కోటా సంగతంటావా, పొద్దుట్నుంచి రాత్రిదాకా వేడి నూనె ముందు నిలబడేవాళ్లను కాదు, మన ఎంపీని అడుగు. నేనూ వస్తాను.