హెడ్‌లైట్ అడిగితే ఎల్ఈడీయేనా?

మా పాత పికప్‌కి తుప్పు గీకించి, ఛాసిస్‌కి రంగు వేయించడం కూడా ఇంత విసిగించలేదు. హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయని హైదరాబాద్ పుత్లీబౌలిలో ఏ స్పేర్‌పార్ట్స్ షాపుకెళ్లినా ఒకటే మాట: "ఎల్ఈడీ పెట్టెయ్ అన్నా, పగలులా ఉంటది."

ఉండదు! ఆ రిఫ్లెక్టర్, అంటే బల్బు వెనక అద్దంలా మెరిసే గిన్నె, హెచ్4 రకం హాలోజన్ బల్బులోని ఫిలమెంట్ కోసం చేసింది. ఎల్ఈడీ పెట్టి వెలుగు పుట్టే చోటు కాస్త జరిగినా కిరణాలు చెదిరి ఎదుటివాడి కళ్లల్లో కొడతాయి. రాత్రి వికారాబాద్ రోడ్డు మీద ఎదురొచ్చే బైకువాడు ఏమైపోవాలి?

అసలు జబ్బు వైరింగ్‌ది. పాత స్విచ్, సన్నటి తీగల గుండా వెళ్లేసరికి కరెంటు నీరసపడుతుంది. వోల్టేజీ 10 శాతం తగ్గితే హాలోజన్ వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే (పాత స్విచ్ సైగతో బల్బుకి కరెంటు నేరుగా పంపే చిన్న స్విచ్) పెట్టి మందపాటి వైరు లాగితే, అదే 60/55 వాట్ల (హై బీమ్‌కి 60, లో బీమ్‌కి 55) బల్బు ఎంత బాగా వెలుగుతుందో! రిఫ్లెక్టర్ నల్లబడితే అది మార్చాలి, అంతే.

ఇంత చిన్న పని చేసి పెట్టమంటే "టైమ్ లేదు" అంటారు. వోల్టేజీ చూడటానికి మల్టీమీటర్ కూడా తీయరు. బల్బు అమ్మడానికి మాత్రం పొద్దస్తమానం ఖాళీయే. ఒళ్లు మండిపోతోంది.