తెల్ల గోడలు వేసినంత మాత్రాన స్కాండినేవియన్ ఇల్లు అయిపోదు

ఇంటి అలంకరణ గురించి ఈ మధ్య తెగ షేర్ అవుతున్న సలహా ఒకటుంది. క్లుప్తంగా చెప్పాలంటే: స్కాండినేవియన్ (స్వీడన్, డెన్మార్క్, నార్వే దేశాల) స్టైల్ అంటే తెలుపు. గోడలకు తెల్లరంగు వేయించి, సామాను తీసేసి, అన్నీ నున్నగా, ఒకే షేడ్‌లో ఉంచితే చాలు. చెక్క, ఉన్ని, లినెన్ చివర్లో చేర్చుకునే హంగులు. వాటికి మెయింటెనెన్స్ ఎక్కువ కాబట్టి చెక్కలా కనిపించే లామినేట్, ఉన్నిలా కనిపించే పాలిస్టర్ సరిపోతాయి.

ఈ సలహా నమ్మితే ఫొటోలో బాగుండి, కూర్చుంటే మాత్రం మనసుకు పట్టని గది తయారవుతుంది. అందుకే ఒక్కో ముక్కా తీసుకుని జవాబు చెప్పాలనిపించింది.

ముందు తెలుపు సంగతి. దానికి కారణం ఉంది, కాదనను. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో డిసెంబర్ చివర్లో పగలు సుమారు 6 గంటలే. దొరికిన కాస్త వెలుతురు గదంతా పరుచుకోవాలంటే లేత రంగు గోడలు సాయపడతాయి. కానీ ఆ వెలుతురు ఎలా వస్తుందో ఈ సలహా ఇచ్చేవాళ్లు చూడరు. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు 7 డిగ్రీల ఎత్తు దాటి పెద్దగా పైకి రాడు. ఎండ కిటికీలోంచి దాదాపు అడ్డంగా లోపలికి వస్తుంది. నున్నటి తెల్లగోడ మీద అది చదునుగా పడి ఊరుకుంటుంది. ముతక నేత లినెన్ కర్టెన్ మీద పడితే మాత్రం లావుపాటి పోగు పక్కన సన్నని నీడ కనిపిస్తుంది. పేక ఎక్కడ బిగిసిందో, ఎక్కడ వదులైందో తెలుస్తుంది. బర్చ్ చెట్టు బెరడుతో అల్లిన బుట్ట మీద పడితే పట్టీ పట్టీకీ ఒక అంచు తేలుతుంది. రంగులు తగ్గించిన గదిలో కంటికి పని కల్పించేది ఈ గరుకుదనమే. అది లేకుండా తెలుపు ఒక్కటే మిగిలితే గది బోసిగా ఉంటుంది.

అసలు ఆ దేశాల ఇళ్లన్నీ తెల్లగా ఉంటాయన్నదీ నిజం కాదు. స్వీడన్‌లోని సుండ్‌బోర్న్‌లో చిత్రకారుడు కార్ల్ లార్సన్, ఆయన భార్య కారిన్ తీర్చిదిద్దుకున్న ఇల్లు ఇప్పటికీ ఉంది. అక్కడ ఎరుపు, ఆకుపచ్చ ధారాళంగా కనిపిస్తాయి. కారిన్ స్వయంగా డిజైన్ చేసి నేసిన బట్టలు ఆ గదులకు ప్రాణం. ఎస్ట్రిడ్ ఎరిక్సన్ 1924లో స్టాక్‌హోమ్‌లో మొదలుపెట్టిన స్వెన్స్క్‌ట్ టెన్ అనే ఇంటి అలంకరణ దుకాణానికి పేరు తెచ్చినవి జోసెఫ్ ఫ్రాంక్ గీసిన ముదురు రంగుల పూల బట్టలు. ఇవి కూడా ఆ సంప్రదాయంలో భాగమే.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది, చెక్క, నేత చివర్లో చేర్చే హంగులన్న మాట. డెన్మార్క్‌కు చెందిన హాన్స్ వెగ్నర్ 1949లో డిజైన్ చేసిన విష్‌బోన్ కుర్చీ సీటు దగ్గరగా చూడండి. సుమారు 120 మీటర్ల కాగితపు తాడును చేత్తోనే అల్లుతారు. వరసలు నాలుగు వైపుల నుంచీ వచ్చి మధ్యలో కలుస్తాయి. వేలు పెట్టి చూస్తే తాడు మెలికలు తెలుస్తాయి. ఆ అల్లిక తీసేస్తే కూర్చోవడానికి ఏమీ మిగలదు. దాన్ని హంగు అని ఎలా అంటాం?

ఫిన్లాండ్ సంగతీ చెప్పాలి. భౌగోళికంగా అది స్కాండినేవియా కాకపోయినా డిజైన్ విషయంలో కలిపే చెప్పుకుంటారు. పైమియోలో క్షయ రోగుల కోసం కట్టిన శానిటోరియానికి ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో కుర్చీలు చేసేటప్పుడు, అప్పట్లో అందరూ మెచ్చుకుంటున్న స్టీల్ గొట్టాలను పక్కనపెట్టి బర్చ్ చెక్కను వంచాడు. స్టీల్ ఒంట్లోని వేడిని చటుక్కున లాగేస్తుంది, చెక్క అలా లాగదు. గంటల తరబడి కూర్చునే రోగికి అది పెద్ద తేడా. ఉత్తరాది దేశాల పొడవాటి కుచ్చుల ఉన్ని రగ్గు, రియా, మొదట నేల మీద పరిచింది కాదు, చలికి కప్పుకున్నది. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పీల్చుకున్నా తడిగా అనిపించదు. అవసరం ముందు వచ్చింది, అందం తర్వాత.

సామాను తీసేయడం మంచిదే. కానీ గట్టి నేల, గట్టి గోడలు, ఖాళీ గది కలిస్తే ప్రతి మాటా ప్రతిధ్వనిస్తుంది. ఒక మందపాటి ఉన్ని రగ్గు, బరువైన కర్టెన్ ఉంటే ఆ గోల చాలావరకు తగ్గుతుంది.

అన్నీ ఒకే షేడ్‌లో ఉండాలన్న నియమం ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, ఆల్టో 1939 నాటికి పూర్తిచేసిన విల్లా మైరియా అనే ఇంట్లో స్టీల్ స్తంభాలకు పేము చుట్టించాడు. చెక్క, పేము, రాయి అక్కడ పక్కపక్కనే ఉంటాయి.

ఇక మెయింటెనెన్స్. డెన్మార్క్‌లో ఓక్, బీచ్ చెక్క బల్లలను, పైన్ చెక్క నేలను సబ్బు తురుము కరిగించిన నీళ్లతో కడిగే పద్ధతి ఉంది. సబ్బు చెక్క రంధ్రాల్లోకి దిగి మురికిని అంత తేలిగ్గా లోపలికి పోనివ్వదు. గీత పడితే సన్నని శాండ్‌పేపర్‌తో చెక్క చారల వెంట రుద్ది, మళ్లీ సబ్బు పట్టిస్తే సరి. లామినేట్‌కు ఈ అవకాశం లేదు. పైన కనిపించేది అచ్చువేసిన చెక్క బొమ్మ. అంచు ఊడితే కింది బోర్డు బయటపడుతుంది, రుద్దితే బొమ్మే పోతుంది. కాఫీ వెంటనే తుడవకపోతే సబ్బు పట్టించిన చెక్క మీద మరక పడుతుంది, ఉన్నికి చిమ్మటల భయం ఉంటుంది. ఆ శ్రమ ఉన్నమాట నిజం. అయితే వాడేకొద్దీ పాలిస్టర్ ఉండలు కడుతుంటే, డెన్మార్క్ డిజైనర్ బోర్గె మోగెన్సన్ 1958లో ఓక్, మందపాటి తోలుతో చేసిన స్పానిష్ కుర్చీ లాంటిది వాడేకొద్దీ ముదురు రంగు తిరిగి ఇంకా బాగుంటుంది.

అసలు సిసలు చెక్కకు ఖరీదు ఎక్కువన్నది ఒప్పుకోవాల్సిందే. బడ్జెట్ తక్కువైతే ఒంటికి తగిలే చోట ముందు ఖర్చు పెట్టండి: చేతులు ఆనించే బల్ల పైభాగం, కూర్చునే సీటు, మంచం దిగితే పాదం పడే రగ్గు. బీరువా లోపలి అరలకు లామినేట్ వాడినా నష్టమేమీ లేదు.