పుట్టిన కూనలు పెద్దయ్యాక ఎక్కడికి? జూలు చూపించాల్సిన లెక్క

నగరంలోని జూ కొత్త ప్రణాళిక ప్రకటించిందంటే అందులో మామూలుగా రెండు సంగతులుంటాయి. ఒకటి, రాబోయే కొత్త జంతువులు, వాటి కోసం కట్టే ఎన్‌క్లోజర్లు. రెండోది, ఏయే జంతువులకు జత తెచ్చి పిల్లల్ని పెట్టిస్తారన్నది. మొదటిదానికి ముందే ఫొటోలు వస్తాయి. రెండోదానికి కొన్నాళ్ల తర్వాత పులి కూనల వీడియోలు వస్తాయి. కూనలు పుట్టడం సంతోషించాల్సిన విషయమే, నేనూ ఆ వీడియోలు చూసి మురిసిపోతాను. కానీ ఆ సంబరంలో అసలు ప్రశ్న వెనకబడిపోతుంది. ఈ కూనలు పెద్దయ్యాక ఎక్కడ ఉంటాయి? నా ఉద్దేశంలో ఒక జూ ప్రణాళిక నాణ్యతను తేల్చేది ఈ ప్రశ్నే. దీనికి జవాబు కాగితం మీద లేకపోతే ఎంత అందమైన ఎన్‌క్లోజర్ కట్టినా, ఎన్ని పిల్లలు పుట్టినా అది సగం ప్రణాళికే.

ముందు ఎన్‌క్లోజర్ల సంగతి చూద్దాం. జర్మనీలోని హాంబర్గ్‌లో కార్ల్ హాగెన్‌బెక్ 1907లో తెరిచిన జూ ఒక పెద్ద మలుపు. ఇనుప కడ్డీలు తీసేసి, మధ్యలో కందకం తవ్వి, సింహాన్ని ఆరుబయట చూపించాడాయన. ఏ జంతువు ఎంత దూరం దూకుతుందో పరీక్షించి మరీ కందకాల కొలతలు నిర్ణయించాడు. ఇవాళ కొత్త ఎన్‌క్లోజర్లు చాలావరకు ఆ ఆలోచన నుంచి వచ్చినవే. అయితే కడ్డీలు పోవడంతో చూసేవాళ్ల మనసు తేలికపడింది, జంతువుకు ఏం ఒరిగిందన్నది వేరే లెక్క. ఆ లెక్క వేసినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన హైని హెడిగర్. బెర్న్, బాసెల్, జ్యూరిక్ జూలు నడిపిన ఈ జీవశాస్త్రవేత్త, స్థలం ఎంతుందన్నదాని కంటే ఆ స్థలంలో ఏముందన్నదే జంతువుకు ముఖ్యమని చెప్పాడు. భయమేస్తే వెనక్కి తగ్గడానికి దూరం ఉందా, దాక్కోవడానికి చాటు ఉందా అని చూడమన్నాడు.

ఒక జూలో కొత్తగా కట్టిన చిరుతపులి ఎన్‌క్లోజర్ ముందు నేను ఒకసారి చాలాసేపు నిలబడ్డాను. నిలువెత్తు అద్దం, లోపల పచ్చగడ్డి, బండరాళ్లు, చిన్న నీటి మడుగు. చూడ్డానికి ఎంతో బాగుంది. చిరుత మాత్రం వెనక గోడ పక్కన, ఇనుప తలుపు ముందు అటు పది అడుగులు, ఇటు పది అడుగులు వేస్తూనే ఉంది. అది నడిచిన మేర గడ్డి లేదు. మట్టి గట్టిపడి సన్నటి బాట పడింది. మలుపు తిరిగే చోట ప్రతిసారీ తల ఒకేలా విదిలిస్తోంది. ఇటువైపు పిల్లలు అద్దం మీద అరచేతులతో బాదుతున్నారు. చెట్టు మీద బతికే అలవాటున్న జంతువు అది. లోపల ఎక్కడానికి ఒక్క మోడు కూడా లేదు. అప్పట్నుంచి ఏ జూకి వెళ్లినా నేను ముందు నేల మీద ఆ బాట ఉందేమోనని చూస్తాను.

ఆ ఇనుప తలుపు అవతల ఉండేది నైట్ హౌస్. చాలా జూల్లో సాయంత్రం సందర్శకులు వెళ్లగానే జంతువుల్ని లోపలికి పిలిచి తలుపు దించేస్తారు, మళ్లీ పొద్దున వదులుతారు. అంటే రోజులో సగానికి పైగా జంతువు గడిపేది మనకు కనిపించని ఆ గదిలో. బ్రీడింగ్ అంతా జరిగేదీ అక్కడే. ఆడ, మగ ఒకదాన్నొకటి చూసుకుని, వాసన పట్టి అలవాటు పడడానికి మధ్యలో జాలీ ఉన్న పక్కపక్క గదులు కావాలి. చూలుతో ఉన్నదాన్ని విడిగా ఉంచడానికి చీకటిగా, అలికిడి లేకుండా ఇంకో గది కావాలి. తల్లి బెదిరితే కూనల్ని వదిలేస్తుంది, ఒక్కోసారి చంపేస్తుంది కూడా. రోజూ తిండి పెట్టే కీపర్‌ను మార్చినా కొన్ని జంతువులు మేత ముట్టవు. కాబట్టి బ్రీడింగ్ ప్రణాళిక అంటే ముందుగా గదుల ప్రణాళిక, మనుషుల ప్రణాళిక. కొత్త ఎన్‌క్లోజర్ ఫొటోలు విడుదల చేసినప్పుడు వెనక గదుల నక్షా కూడా చూపించమని అడగడం అత్యాశ కాదు.

ఇక పిల్లల సంగతి. 2014 ఫిబ్రవరిలో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్ జూ మారియస్ అనే జిరాఫీని చంపేసింది. దాని వయసు రెండేళ్లు, ఏ జబ్బూ లేదు. దాని రక్తసంబంధీకులు యూరప్ జూల్లో ఇప్పటికే ఎక్కువగా ఉన్నాయి కాబట్టి బ్రీడింగ్‌కు అది పనికిరాదన్నారు. సందర్శకుల ముందే కోసి, మాంసాన్ని సింహాలకు వేశారు. ప్రపంచమంతా మండిపడింది. నాకూ ఆ వార్త చదివిన రోజు మనసు కలుక్కుమంది. కానీ ఆ జూ దాచకుండా చెప్పిన నిజం ఒకటుంది. పిల్లల్ని పెట్టనిచ్చిన ప్రతి జూకూ ఎప్పుడో ఒకప్పుడు చోటు చాలదు. అలా మిగిలిపోయిన జంతువులతో ఏం చేయాలన్నది కోపెన్‌హాగన్‌కు మాత్రమే ఎదురైన చిక్కు కాదు. అక్కడ అందరికీ కనిపించింది, అంతే.

పిల్లలు పుట్టకుండా ఆపడం దీనికి ఇంకో దారి. ఆడ, మగల్ని వేరు చేయొచ్చు, గర్భనిరోధక ఇంప్లాంట్లు వేయొచ్చు. అమెరికా జూలు ఎక్కువగా ఈ దారే పట్టాయి. ఇందులోనూ చిక్కులున్నాయి. ఏళ్ల తరబడి ఆపేస్తే కొన్ని జాతుల్లో తర్వాత కావాలన్నా చూలు నిలవదు. పిల్లల్ని సాకడం అనేది ఆ జంతువు రోజులో పెద్ద పని, అది కూడా పోతుంది. ఏ దారికి ఆ దారి కష్టం ఉంది. నా మొగ్గు మాత్రం ముందే ఆపడం వైపే, ఎందుకంటే పుట్టాక తీసుకునే ఏ నిర్ణయమైనా పుట్టిన ప్రాణం మీదే పడుతుంది.

బ్రీడింగ్ మరీ బాగా సాగితే ఏమవుతుందో మద్రాసు క్రొకడైల్ బ్యాంక్‌ను చూస్తే తెలుస్తుంది. 1976లో మొదలైన ఆ కేంద్రంలో మగ్గర్ మొసళ్లు విపరీతంగా పెరిగాయి. అడవుల్లో వదలడానికి తగిన చెరువులు, వాగులు దొరక్క విడుదలలు ఆగిపోయాయి. చివరికి గుడ్లు పొదగనివ్వకుండా తీసేయాల్సి వచ్చింది, వందల మొసళ్లను గుజరాత్‌లోని మరో కేంద్రానికి తరలించాల్సి వచ్చింది. జాతిని కాపాడాలన్న తపనలో లోపమేమీ లేదు. మొసళ్లు పెరిగాయి, వాటికి కావాల్సిన నీళ్లు పెరగలేదు.

రక్తం సంగతి ఇంకా సున్నితం. ఏ జంతువు ఎవరి బిడ్డో, ఎవరితో జతకట్టిందో రాసి ఉంచే పుస్తకాన్ని స్టడ్‌బుక్ అంటారు. ప్రజ్వాల్‌స్కీ అనే అడవి గుర్రం ఇవాళ మంగోలియా గడ్డి మైదానాల్లో తిరుగుతోందంటే ఆ పుస్తకం పుణ్యమే. 1960ల చివరికి అడవిలో అది కనుమరుగైంది. ఇప్పుడున్న గుర్రాలన్నీ పట్టుమని పదిహేను కూడా లేని పూర్వీకుల సంతానమే. 1959 నుంచి ప్రాగ్ జూ వాటి వంశావళి రాస్తూ, దగ్గరి రక్తం కలవకుండా దేశదేశాల జూల మధ్య గుర్రాలు మార్పిస్తూ వచ్చింది. 1992లో అవి మళ్లీ మంగోలియా నేల మీద కాలు పెట్టాయి.

ఆ జాగ్రత్త లేకుండా జనం కోసం పెంచిన జంతువు తెల్లపులి. 1951లో రీవా మహారాజుకు దొరికిన మోహన్ అనే మగ తెల్లకూన పెద్దయ్యాక మామూలు రంగు ఆడపులితో జతకడితే ఒక్క తెల్లపిల్ల కూడా పుట్టలేదు. దాని సొంత కూతురు రాధతోనే జతకట్టించారు. 1958లో తెల్లకూనలు పుట్టాయి. తర్వాత ప్రపంచ జూల్లోకి వెళ్లిన తెల్లపులులు చాలావరకు ఆ వంశమే. ఆ తెల్లరంగుతో పాటే కంటి నరాల అమరికలో తేడా వస్తుంది. అందుకే వాటిలో మెల్లకన్ను కనిపిస్తుంటుంది. తెల్లపులి వేరే జాతి కాదు, రంగు తేడా ఉన్న బెంగాల్ పులి. అమెరికా జూల సంఘం 2011లో తన సభ్యులు వాటిని కావాలని పెంచకూడదని నిర్ణయించింది. అయినా కొత్త ఎన్‌క్లోజర్ ప్రకటనల్లో తెల్లపులి పేరు ఇప్పటికీ ముందుంటోంది. ఇది నాకు బాధ కలిగించే విషయం. పంజాబ్‌లోని ఛత్‌బీర్ జూలో జరిగిందీ ఇలాంటిదే. అక్కడ ఆసియా సింహాలకు ఆఫ్రికా సింహాల రక్తం కలిసింది. పదుల సంఖ్యలో పుట్టిన సంకర సింహాలు రోగాలను తట్టుకోలేకపోయాయి, చివరికి వాటికి పిల్లలు పుట్టకుండా ఆపేసి, ఉన్నవాటిని ఆయువు తీరేదాకా సాకారు. అన్ని సింహాల జీవితాలు అలా గోడల మధ్యే అయిపోయాయి.

రక్తం చూసుకున్నా, పిల్లలు పుట్టినా, తిరిగి వెళ్లడానికి అడవి ఉండాలి కదా. అరేబియన్ ఒరిక్స్ అనే, ఎడారిలో బతికే జింకలాంటి జంతువు కథ ఈ విషయంలో నాకు మాటిమాటికీ గుర్తొస్తుంది. 1972లో చివరి అడవి ఒరిక్స్‌ను వేటగాళ్లు కాల్చేశారు. అంతకు పదేళ్ల ముందే మొదలైన ప్రయత్నంలో కొన్నింటిని అమెరికాలోని ఫీనిక్స్ జూకి చేర్చారు. తొమ్మిది జంతువుల ఆ మంద నుంచి పెరిగినవాటిని 1982లో ఒమన్ ఎడారిలో వదిలారు. 1996 నాటికి అవి 450 అయ్యాయి. తర్వాత మళ్లీ వేట మొదలైంది. సంఖ్య 65కు పడిపోయింది, అభయారణ్యం విస్తీర్ణంలో 90 శాతం కోత పెట్టారు. 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితా నుంచి ఆ అభయారణ్యాన్ని తొలగించింది. మిగతా దేశాల్లోనూ విడుదలలు సాగడంతో జాతి నిలబడింది. కానీ పాతికేళ్ల కష్టం ఎంత త్వరగా కరిగిపోగలదో ఒమన్‌లో తెలిసింది.

రాబందులదీ అదే దారి. పశువులకు వేసే డైక్లోఫెనాక్ అనే నొప్పి మందే వాటి చావుకు కారణమని 2004 నాటికి తేలింది, 2006లో భారత్ పశువైద్యంలో దాన్ని నిషేధించింది. హర్యానాలోని పింజోర్ కేంద్రం రాబందుల్ని పెంచుతోంది. జంట ఏడాదికి పెట్టేది ఒక్క గుడ్డే. బయట కళేబరాల్లో ఆ మందు, దానిలాంటి ఇతర మందులు ఉన్నంతకాలం, కేంద్రంలో పొదిగిన ఒక్కో పిల్లనూ బయటికి పంపడానికి గుండె ధైర్యం కావాలి. 2023లో ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్‌లను కూడా పశువైద్యంలో నిషేధించడం ఆ పిల్లలకు ఎన్‌క్లోజర్ కంటే పెద్ద మేలు.

ఈ లెక్కలన్నీ చూసుకుని చేసిన పని ఎలా ఉంటుందో హైదరాబాద్ నెహ్రూ జూలో మూషిక జింక విషయంలో చూడొచ్చు. మూడు కిలోల బరువు, కొమ్ముల్లేవు, మగదానికి పైదవడ నుంచి సన్నటి కోరలు దిగి ఉంటాయి. రాత్రిపూట తిరుగుతుంది, అలికిడైతే ఆకుల్లో కలిసిపోతుంది. ఈనిన కొద్ది గంటల్లోనే ఆడది మళ్లీ ఎదకు వస్తుంది. ఇంత బిడియమున్న జంతువును జనం కళ్ల ముందు పెంచడం కుదరదు. అందుకే 2010లో హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలతో కలిసి వేరే కేంద్రం పెట్టి, సందర్శకులకు దూరంగా పెంచారు. 2017 నుంచి నల్లమలలోని అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో వదులుతున్నారు. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లలో ఎంతమంది ఆ పేరు విన్నారో గానీ, నా లెక్కలో ఆ జూ చేసిన గొప్ప పనుల్లో అదొకటి.

పెద్ద జంతువులు లేకపోతే జనం రారు, జనం రాకపోతే డబ్బు రాదు, డబ్బు లేకపోతే మూషిక జింకనూ పెంచలేం అని జూ అధికారులు అంటారు. అందులో నిజముంది. అద్దం అవతల పులిని చూసిన పిల్లాడికి అడవి మీద ఇష్టం పుట్టొచ్చు, దాన్ని తక్కువ చేయను. నేను అడిగేది, పులి కోసం వచ్చిన జనానికి మిగతా లెక్క కూడా చూపించమని. ప్రతి ఎన్‌క్లోజర్ దగ్గరా ఒక బోర్డు ఉంటుంది. జంతువు పేరు, శాస్త్రీయ నామం, తిండి, ఆయుర్దాయం రాసి ఉంటాయి. ఆ బోర్డు మీద కింద కొంచెం ఖాళీ ఎప్పుడూ ఉంటుంది. ఇక్కడ ఇప్పటిదాకా ఎన్ని పుట్టాయి, వాటిలో ఏది ఎక్కడుంది, ఎన్ని అడవికి వెళ్లాయి అన్న మూడు ముక్కలు అక్కడ రాయడానికి ఒక పెయింటర్ చాలు.